లక్షల టన్నుల అనుమానం

రాజమండ్రిలో ఒక ఎయిడెడ్ డిగ్రీ కాలేజీ ఉండేది. దాని ఆఫీసు గది బయట గోడకు తగిలించిన చెక్కబోర్డును లెక్చరర్లందరూ సంబంధాల బోర్డు అనేవారు. నిజానికి దాని మీద పెళ్లి ప్రకటన ఒక్కటీ ఉండేది కాదు. అంతరిక్ష విజ్ఞానానికీ, భూవిజ్ఞానానికీ కేంద్ర ప్రభుత్వ శాఖలు ఇచ్చే పరిశోధన గ్రాంట్ల ప్రకటనలు ఇంగ్లీషు పత్రికల నుంచి కత్తిరించి, గుండుసూదులతో గుచ్చి ఉండేవి. కత్తిరించేదీ గుచ్చేదీ ఆఫీసులో స్టెనోగా పనిచేసే సత్యకుమారి. ఆమె మాట్లాడే తీరు వల్లనే బోర్డుకు ఆ పేరు వచ్చింది.

"మాస్టారూ, మీకో సంబంధం వచ్చిందండి," అనేది వరండాలో ఎదురుపడిన లెక్చరర్‌తో. "వయసు నలభై ఐదు దాటకూడదంట, పీహెచ్‌డీ ఉండాలంట. మీకన్నీ కలిశాయి."

"కట్నం ఎంతంట తల్లీ?" అని అడిగేవారు ఫిజిక్సు చెప్పే తాతాజీగారు.

"మూడేళ్లపాటు విడతల్లో ఇస్తారండి. లెక్క చెప్పాలి మరి."

"లెక్క చెప్పే కట్నం మా ఇంటావంటా లేదు. ఇంకో కుర్రాణ్ణి చూసుకో."

ఆమెకు ఈ పని ఎవరూ అప్పగించలేదు. తొంభైల మొదట్లో కాలేజీ వార్షికోత్సవానికి వచ్చిన ఒక పెద్ద శాస్త్రవేత్త, ఢిల్లీలో డబ్బు ఉందనీ, ఈ జిల్లాల నుంచి అడిగేవాళ్లే లేరనీ వేదిక మీద అన్నాడు. ఆ ఉపన్యాసాన్ని షార్ట్‌హ్యాండులో రాసుకుంటున్న సత్యకుమారికి ఆ మాట తన్ను అన్నట్టే తగిలింది. మర్నాటి నుంచి మధ్యాహ్నం భోజనం కాగానే రీడింగు రూముకు వెళ్లి పత్రికలు తిరగేయడం మొదలుపెట్టింది. ఏ శాఖ ఏ నెలలో దరఖాస్తులు పిలుస్తుందో, ఏది ఉపగ్రహ చిత్రాలతో చేసే పనికి డబ్బిస్తుందో, ఏది నేల, నీరు, సముద్రం అంటే ముందుకొస్తుందో నాలుగైదేళ్లలో ఆమెకు నోటికి వచ్చేసింది.

ప్రకటనను వెతికి పట్టుకోవడం సగం పని మాత్రమే. పంపిన ప్రతిపాదన ఢిల్లీలో ఏ బల్ల మీద ఉందో కనుక్కుంటూ ఉండటం మిగతా సగం. నిపుణుల కమిటీ ఒప్పుకున్నంత మాత్రాన డబ్బు రాదు. ఖర్చు వివరాలను ఆర్థిక విభాగం చూడాలి, ఆ తర్వాత మంజూరు కావాలి, ఆ తర్వాత విడుదల. మధ్యలో ఎక్కడ ఆగినా అడిగేవాడు ఉంటేనే కదులుతుంది. అక్కడి గుమాస్తాలు ఎక్కువమంది హిందీలోనే మాట్లాడతారు కాబట్టి కాలేజీలో ఫోను చేసి అడగగలిగింది సత్యకుమారి ఒక్కతే. ఆమె ధవళేశ్వరంలో ఆనకట్ట ఆఫీసు గుమాస్తా కూతురు. పెళ్లికి ముందే హిందీ ప్రచారసభ పరీక్షలు ఒక్కొక్కటే కట్టి పాసైంది. పొద్దున్నే ఇంటి దగ్గర పిల్లలకు హిందీ చెప్పేది. మిగతా వాళ్లకు హిందీ అంటే సినిమా పాటల్లో విన్నంతే. అందుచేత ఢిల్లీ ఏమందో కాలేజీకి తెలియాలంటే అది సత్యకుమారి నోటి మీదుగానే రావాలి. ఆ సంగతి ఆమెకూ తెలుసు. కొంచెం గర్వంగానే ఉండేది.

జియాలజీ చెప్పే చంద్రరావుగారికి ఆమె కుదిర్చిన సంబంధం అన్నిటిలోకీ మంచిది. ఆయన కడియం నుంచి రోజూ బస్సులో వచ్చేవాడు. మితభాషి. తల్లి వైపు వాళ్లది గోదావరి మధ్యలోని ఒక లంక. వాళ్ల పొలాన్ని ఒక్కో వరదా కొంత కోసుకుంటూ పోయి చివరికి మొత్తం మింగేసింది. "పట్టా మా అమ్మ పేరున ఉందండి, భూమి గోదారి పేరున ఉంది," అనేవాడు. వేర్వేరు ఏళ్లలో తీసిన ఉపగ్రహ చిత్రాలను పక్కపక్కన పెట్టి, ఏ లంక ఏ ఒడ్డున కోతకు గురవుతోందో, కొత్త ఇసుక మేట ఎక్కడ లేస్తోందో కొలవాలని ఆయన కోరిక. అది తేలితే, ఏ ఊరివాళ్లు వరద రాకముందే ఇళ్లు వెనక్కి జరుపుకోవాలో చెప్పవచ్చు. అలాంటి పనికే డబ్బిస్తామన్న ప్రకటన కనిపించిన రోజున సత్యకుమారి దాన్ని బోర్డుకు గుచ్చకుండా నేరుగా ఆయన చేతికే ఇచ్చింది.

ప్రతిపాదనను ఆమే టైపు చేసింది. ఖర్చుల పేజీ దగ్గర ఒక చిక్కు వచ్చింది. కాలేజీ కమిటీ సెక్రటరీగారు జీపు లేని ప్రాజెక్టు ఏంటన్నారు.

"లంకలోకి జీపు వెళ్లదండి," అన్నాడు చంద్రరావు.

"కాలేజీలోకి వస్తుంది కదండీ!"

ప్రిన్సిపాల్ రామచంద్రమూర్తిగారు కిటికీలోంచి బయటికి చూశారు. చంద్రరావు జీపు రాశాడు. ప్రిన్సిపాల్ సంతకం పెట్టారు. సత్యకుమారి కవరు అంటించింది.

నిపుణుల కమిటీ ఒప్పుకుంది. 1998 ఫిబ్రవరిలో కాగితాలు ఆర్థిక విభాగానికి వెళ్లాయి. అప్పటిదాకా ఆ సెక్షన్‌లో ఇంగ్లీషు మాట్లాడే కేరళ ఆయన ఒకాయన ఉండేవాడు. ఆయనకు బదిలీ అయింది. కొత్తగా వచ్చినాయన ఇంగ్లీషు ముక్క కలవని శుద్ధమైన హిందీ మాట్లాడేవాడు.

మార్చి నెలాఖరులో ఒకరోజు సత్యకుమారి దానవాయిపేటలోని ఎస్టీడీ బూత్ నుంచి ఫోను చేసింది. కాలేజీ ఫోనుకు ఎస్టీడీ లేదు. అద్దాల తలుపు అవతల ఇద్దరు ముగ్గురు తమ వంతు కోసం నిలబడి ఉన్నారు. వాళ్లలో ఒకడు కాలేజీ విద్యార్థే. కాగితాల కట్ట వెతికి పట్టుకున్న ఆ కొత్తాయన విసుగ్గా అన్నాడు:

"ఆప్‌కే అనుమాన్ మే బహుత్ గడ్‌బడ్ హై."

తర్వాత ఇంకేదో అన్నాడు కానీ లైన్‌లో గరగర వచ్చింది. మళ్లీ చెప్పమని అడగవచ్చు. అడగాలని నోటిదాకా వచ్చింది కూడా. కానీ బయట ఆ విద్యార్థి, హిందీ వచ్చిన మేడం ఢిల్లీతో మాట్లాడుతోందని పక్కవాడికి చూపిస్తున్నాడు. పైగా అనుమాన్, గడ్‌బడ్ అనే ఆ రెండు మాటలూ అచ్చం మన మాటల్లాగే ఉన్నాయి. అర్థం కాకపోవడానికి ఏముంది?

"జీ, సమఝ్ గయీ," అని, అర్థమైందనే చెప్పి ఫోను పెట్టేసింది.

ప్రిన్సిపాల్ గదిలోకి వెళ్లేసరికి తాతాజీగారు కూడా అక్కడే ఉన్నారు.

"ఏమన్నారమ్మా?"

"వాళ్లకి అనుమానం ఉందంటున్నారండి."

"అనుమానమా? ఎవరి మీద?"

"ఆప్‌కే అన్నారండి. అంటే మీ మీదే. అదే, మన మీద. చాలా గడబిడ ఉందన్నారు."

రామచంద్రమూర్తిగారి ముఖంలో రంగు మారింది. ఏ అనుమానం, దేని గురించి అని ఆయన అడగలేదు. బీరువాలోంచి ప్రతిపాదన నకలు తీయించి, తిన్నగా ఖర్చుల పేజీకే వెళ్లారు. ఆ పేజీలో ఆయన వేలు ఎక్కడ ఆగిందో సత్యకుమారి చూసింది.

"నేను సంతకం మాత్రమే పెట్టానమ్మా," అన్నారు చివరికి. "లెక్కలు వేసింది చంద్రరావుగారు."

చంద్రరావును పిలిపించారు. ఆయన సుద్దముక్క చేత్తోనే వచ్చాడు.

"ఢిల్లీలో మీ మీద అనుమానం అంటున్నారండి," అన్నారు ప్రిన్సిపాల్.

చంద్రరావు ముగ్గురి వైపూ చూశాడు. "జీపు గురించా అండి?"

"దేని గురించో మీకే తెలియాలి."

వాళ్లు అలా అనలేదని, మన మీద అన్నారని సత్యకుమారి సర్దబోయింది. ప్రిన్సిపాల్ చెయ్యెత్తి వారించారు. ఎంక్వయిరీ అంటూ ఎవరైనా ఇక్కడ దిగితే కాలేజీ పరువు ఏం కావాలని సెక్రటరీగారు అదే సాయంత్రం ఫోనులో అడిగారు. ప్రతిపాదనను ఉపసంహరించుకుంటున్నామని టెలిగ్రాం ఇవ్వాలని నిర్ణయం జరిగింది. దాన్ని టైపు చేసిందీ, టెలిగ్రాఫ్ ఆఫీసుకు పట్టుకెళ్లిందీ కూడా సత్యకుమారే.

మాట గది దాటింది. చంద్రరావు ఆ మధ్యనే కడియంలో ఇంటికి శ్లాబు వేయించుకున్నాడు. ఇంకా రాని గ్రాంటుకూ ఆ శ్లాబుకూ ముడి ఎలా పడుతుందో ఎవరూ ఆలోచించలేదు. స్టాఫ్‌రూములో ఆయన్ను చూడగానే మాటలు ఆగేవి.

"ఉపగ్రహం పైనుంచి అన్నీ చూస్తుందయ్యా. ఎవరి శ్లాబు ఎంత మందమో కూడా," అన్నారు తాతాజీగారు ఒకరోజు, చంద్రరావు గుమ్మం దాటకముందే. నవ్వు వినిపించింది. ఆ రోజు నుంచి చంద్రరావు క్యారియరు తీసుకుని రాళ్ల నమూనాల గదిలోకి వెళ్లి ఒక్కడే తినేవాడు. అటెండరు సెలవులో ఉన్న రోజు ఆ గది తాళం సత్యకుమారే తీసిచ్చేది. ఆయన తల ఎత్తకుండా థ్యాంక్సండి అనేవాడు.

ఏప్రిల్ నడుస్తోంది. ఒక సాయంత్రం సత్యకుమారి చాటలో బియ్యం పోసుకుని రాళ్లు ఏరుతోంది. ఎదురుగా టీవీలో ఢిల్లీ నుంచి హిందీ వార్తలు వస్తున్నాయి. భర్త సత్యప్రసాద్ రైల్వే మెయిల్ సర్వీసులో సార్టరు. డ్యూటీకి వెళ్లడానికి చొక్కా తొడుక్కుంటున్నాడు. ఈ ఏడాది గోధుమ పంట గురించి చదువుతోంది వార్తలమ్మాయి. ఉత్పాదన్ కా అనుమాన్ అంటూ ఇన్ని లక్షల టన్నులని ఒక అంకె చెప్పింది. తర్వాత పప్పుధాన్యాల అనుమాన్ చెప్పింది. అదీ లక్షల టన్నుల్లోనే.

సత్యకుమారి చెయ్యి బియ్యంలో ఆగిపోయింది.

"ఏమండీ, అనుమానం లక్షల టన్నుల్లో ఉంటుందా?"

"గోధుమల మీద అనుమానం ఏంటే?" అన్నాడతను గుండీలు పెట్టుకుంటూ. "పురుగు పట్టిందా?"

ఆమె లేచి, పిల్లలకు పాఠం చెప్పేటప్పుడు వాడే నిఘంటువు తీసి చూసింది. అనుమాన్ అంటే అంచనా, అందాజు. సందేహం అనే అర్థం ఎక్కడా లేదు.

మీ అంచనాల్లో చాలా గందరగోళం ఉంది, సరిచేసి పంపండి. అంతే. ఆయన అన్నది అంతే. లైన్ గరగరలో కలిసిపోయిన ముక్క కూడా ఇప్పుడు వినబడినట్టే అనిపించింది.

మర్నాడు పొద్దున పిల్లలు చాప మీద కూర్చున్నారు. హిందీ శిక్షా అంటే చదువు, మన శిక్ష కాదు. ఉపన్యాస్ అంటే నవల, మన ఉపన్యాసం కాదు. వ్యవసాయ్ అంటే వృత్తి, మన వ్యవసాయం కాదు. ఈ పాఠాన్ని ఆమె ఏటా ఇలాగే చెబుతుంది. మనలాగే కనిపించే మాటనే ముందు అనుమానించాలర్రా అని ఏటా అంటుంది. ఆ రోజు ఆ వాక్యం దాకా వచ్చి ఆగిపోయింది. పిల్లల్లో ఒకతె తన వైపే చూస్తుంటే తల తిప్పుకుంది. తాను ఆ రోజు బూత్‌లో ఇంకోసారి చెప్పండి అని ఎందుకు అనలేదో ఆమెకు ఇప్పుడు దాచుకోవడానికి వీల్లేకుండా తెలుస్తోంది. తెలియక జరిగిన తప్పయితే ఇంత బాధ ఉండేది కాదు. తెలియదని నలుగురి ముందు ఒప్పుకోవడానికి నామోషీ పడింది. ఆ నామోషీ ఖరీదును ఇంకొకాయన రాళ్ల గదిలో కూర్చుని కడుతున్నాడు.

అయినా ఆమె వెంటనే చెప్పలేదు. కాలేజీలో ఇంకెవరికీ హిందీ రాదు. ప్రతిపాదన ఎలాగూ వెనక్కి తీసుకున్నారు. తాను నోరు మూసుకుంటే ఈ సంగతి ఎప్పటికీ బయటపడదు. వేసవి సెలవులు వస్తే మాటా చల్లారుతుంది. ఇలా అనుకుంటూ కొన్ని రోజులు గడిపింది. టైపులో తప్పులు పడ్డాయి. ఎవరైనా పలకరిస్తే ఉలిక్కిపడేది.

ఒక మధ్యాహ్నం చంద్రరావే ఆఫీసుకు వచ్చాడు. గదిలో వేరెవరూ లేరు. సెలవుచీటీ బల్ల మీద పెట్టి, కాసేపు నిలబడ్డాడు.

"మీకు ఎప్పుడో చెప్పాల్సింది, సత్యకుమారిగారూ. మీరు ముందుగా కనుక్కోబట్టి సరిపోయింది. లేకపోతే ఎవరో వచ్చి పిల్లల ముందు అడిగేవారు. మీ మేలు మరిచిపోనండి."

ఆమె కుర్చీలోంచి లేచింది.

"అంచనా అండి."

"ఏంటండి?"

"అనుమాన్ అంటే హిందీలో అంచనా. ఎస్టిమేటు. అందులో తప్పులున్నాయి, సరిచేయమన్నారు. అంతేనండి. మీ మీద ఎవరికీ ఏ అనుమానమూ లేదు. నేనే... నాకు సరిగా రాకపోయినా వచ్చినట్టు చెప్పేశాను."

చంద్రరావు ఎదుటి స్టూలు మీద కూర్చున్నాడు. ఆమె తిట్ల కోసం సిద్ధపడి నిలబడింది. ఆయన సెలవుచీటీని మడిచి, విప్పి, మళ్లీ మడిచాడు.

"ఎప్పుడు తెలిసింది మీకు?"

"కొన్ని రోజులైందండి."

"కొన్ని రోజులు," అన్నాడాయన. తర్వాత, "నేను మాత్రం ఎందుకు నమ్మానండి? ఏం అనుమానం అని ఒక్క మాట అడిగుంటే తేలిపోయేది. అడగలేదు. ఆ జీపు రాసిన రోజు నుంచీ ఎవరో ఒకరు అడుగుతారని ఎదురుచూస్తూనే ఉన్నాను. మీరొచ్చి చెప్పగానే, ఇదిగో వచ్చిందనుకున్నాను."

ఇద్దరూ కలిసి ప్రిన్సిపాల్ గదికి వెళ్లారు. రామచంద్రమూర్తిగారు అంతా విని, ముందు ఊపిరి పీల్చుకున్నారు, తర్వాత చిరాకు పడ్డారు, ఆ తర్వాత దారి ఆలోచించారు. ఉపసంహరణను రద్దు చేయమని కోరుతూ ఉత్తరం రాస్తే ఢిల్లీ కమిటీ వచ్చే సమావేశంలో పెట్టవచ్చు. కానీ కారణం ఏం రాయాలి?

"ఫోను లైను బాగోలేదని రాసేద్దాం. అది అబద్ధం కూడా కాదు. నీ మీదా మాట రాదు, నా మీదా రాదు," అన్నారాయన.

"అలా రాస్తే ఢిల్లీకి సరిపోతుందండి," అంది సత్యకుమారి. "ఇక్కడ సారు మీద పడ్డ మాట అలాగే ఉంటుంది. ఆఫీసు స్టెనో హిందీ మాటకి అర్థం తప్పు చెప్పిందని రాయండి."

"నీ సర్వీసు రిజిస్టరులో ఈ కాగితం ఉండిపోతుందమ్మా."

"ఉండనివ్వండి."

ఆమే టైపు చేసింది. తన పేరు కూడా తానే కొట్టింది. చంద్రరావు వెనక నిలబడి, ఇంకో వాక్యం కలపమన్నాడు: సవరించిన అంచనాలో వాహనం ఉండదు, పడవ అద్దె చాలు. ప్రిన్సిపాల్ కలం పట్టుకుని సెక్రటరీగారి ముఖాన్ని ఊహించుకున్నారు కాబోలు, కొంచెం తటపటాయించారు. కానీ సంతకం పెట్టారు.

స్టాఫ్‌రూముకు మాత్రం ఆమె ఒక్కతే వెళ్లింది. టీ ఇంటర్వెల్‌లో అందరూ ఉన్నప్పుడు గుమ్మం లోపల నిలబడి ఉన్నదున్నట్టు చెప్పింది. తాతాజీగారు తొడ చరిచారు.

"అయితే ఇన్నాళ్లూ మేం చంద్రరావుని అంచనా పడుతున్నామన్నమాట!"

గది గదంతా ఘొల్లుమంది. పొట్ట పట్టుకుని నవ్వినవాళ్లున్నారు. "కుమారిగారూ, మా ఆవిడకి నా మీద ఎప్పుడూ అంచనాయేనండి," అన్నారింకొకరు. కోప్పడతారని, నిలదీస్తారని ఆమె అనుకుని వచ్చింది. నవ్వుతారనుకోలేదు. ఆ నవ్వులో ఆమె తప్పు చిన్నదైపోయింది, వాళ్లన్న మాటలు అసలు అననట్టే అయిపోయాయి. చంద్రరావు ఆ పక్క గదిలోనే ఉన్నాడు. వెళ్లి క్షమించమన్నవాళ్లు లేరు. వాళ్ల నవ్వు ఆగేదాకా ఆమె అక్కడే నిలబడింది, అది కూడా తనకు చెందినదే అన్నట్టు.

ఆ ఏడాది చివర మంజూరు ఉత్తర్వు వచ్చింది, జీపు లేకుండా. కాలేజీలో చిన్న సభ జరిగింది. ఈ గ్రాంటు రావడం సత్యకుమారి చలవేనని ప్రిన్సిపాల్ వేదిక మీద అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆమె ముందు వరసలో తల వంచుకుని కూర్చుంది. ఆ చప్పట్లు తనకు చెందవని లేచి చెప్పే చోటు కాదది.

ఆ రోజు చంద్రరావు జ్వరంతో ఇంట్లో ఉన్నాడు. ఉత్తర్వు నకలు తీసుకుని ఆమె కడియం వెళ్లింది. రోడ్డు పక్క లారీల్లోకి నర్సరీ మొక్కలు ఎక్కిస్తున్నారు. ఇంటి ముందు గేటు తీస్తుండగానే ఆయన భార్య శ్యామలాంబ వరండాలోకి వచ్చింది. ఇద్దరూ ధవళేశ్వరంలో ఒకే బడిలో చదువుకున్నవాళ్లు. ఆ ఏడాది ముందు వరకూ శ్యామలాంబ ఈమెను చూస్తే, ఏమే కుమారీ, ఎండలో ఏంటే అంటూ చెయ్యి పట్టుకుని వంటింట్లోకి లాక్కుపోయేది. పీట వాల్చి, తాను పని చేసుకుంటూ కబుర్లు చెప్పేది.

"రండి సత్యకుమారిగారూ," అంది శ్యామలాంబ. వరండాలో కుర్చీ తుడిచి వేసింది. "కూర్చోండి. ఆయన నిద్రపోతున్నారు. కాఫీ తీసుకుంటారా?"

"వద్దు శ్యామలా..." అనబోయి ఆగి, "మీ ఇష్టమండి," అంది.

కాఫీ స్టీలు గ్లాసులో కాకుండా అతిథులకిచ్చే కప్పూ సాసరులో వచ్చింది. సత్యకుమారి కుర్చీ అంచున కూర్చుని తాగింది. ఉత్తర్వు నకలు ఇచ్చింది. శ్యామలాంబ దాన్ని రెండు చేతులతో అందుకుని, పక్కన పెట్టింది.

"వెళ్లొస్తానండి."

"మంచిదండి."

గేటు వేస్తూ వెనక్కి తిరిగి చూస్తే, శ్యామలాంబ కప్పు తీసుకుని అప్పటికే లోపలికి వెళ్లిపోయింది.